ఇత్తడికి బదులు ఇత్తడేనా?

పెళ్లి ఊరేగింపులో ట్రంపెట్లు ఎక్కువయ్యాయని ఎవరూ ఫిర్యాదు చెయ్యరు. ఈ పూట నేను చేస్తాను.

మంచి ముహూర్తం ఉన్న రాత్రి తిరుపతి గాంధీ రోడ్డులోనో, చిత్తూరు హైరోడ్డులోనో ఒక పక్కన నిలబడి బ్యాండు వినండి. పైన ట్రంపెట్లు గీపెడుతుంటాయి. కింద డ్రమ్ములు గుండెల్లో మోగుతుంటాయి. ఈ రెంటికీ మధ్య ఏముంది? కొన్ని బ్యాండు సెట్లలో ఏమీ ఉండదు. కొన్నింటిలో వ్యాను మీద స్పీకర్లలోంచి కీబోర్డు వస్తుంటుంది. ఆ మధ్య జాగా హార్న్‌ది, అంటే మెత్తగా పలికే ఒక ఇత్తడి ఊదే వాద్యానిది. హార్న్ లేదు కాబట్టి, ఇత్తడి పోతే ఇత్తడే పెట్టాలన్న లెక్కతో ఇంకో రెండు ట్రంపెట్లు తెచ్చి నిలబెడతారు. నా గొడవంతా ఈ లెక్కతోనే. హార్న్ చోట పెట్టడానికి బ్యాండులో అన్నిటికంటే పనికిరానిది ట్రంపెట్. లేని వాద్యానికి బదులు వెతికేటప్పుడు మెరుపునీ ఆకారాన్నీ చూడకూడదు. అది ఆ పాటలో ఏ పని చేస్తోందో చూడాలి. అలా చూస్తే చాలాసార్లు బదులు ఇత్తడిలో కాదు, రీడ్ వాద్యాల్లో, అంటే సన్నని బద్ద నోట్లో పెట్టి ఊదే క్లారినెట్, సాక్సోఫోన్ (సాక్స్) లాంటి వాటిలో దొరుకుతుంది.

పగలు నేను ఒక ఆఫీసులో లెక్కలు రాస్తాను. సీజన్లో సాయంత్రాలు క్లారినెట్ ఊదుతాను. మా సెట్టుకి పార్టులు, అంటే ఏ వాద్యం ఏ స్వరాలు ఊదాలో చెప్పే కాగితాలు, రాసేది కూడా నేనే. మాకు నొటేషన్ నేర్పింది పోలీసు బ్యాండులో పనిచేసి రిటైరైన ఒక మాస్టారు. ఆయన ఇచ్చిపోయిన పాత అచ్చు కాగితాల కట్టలు ఇప్పటికీ మా దగ్గరున్నాయి. మార్చులు, వాల్ట్జులు, చర్చి పాటలు. వాటిలో చాలా వాటికి హార్న్ పార్టులు నాలుగేసి ఉంటాయి: ఒకటి, మూడు పైస్థాయికి, రెండు, నాలుగు కిందిస్థాయికి. నాలుగూ నిగనిగలాడుతూ కొత్తగా ఉంటాయి, ఎందుకంటే వాటిని ముట్టుకునేవాళ్లే లేరు.

మా వైపు హార్న్ కొరత రెండు రకాలు. మొదటిది అసలు లేకపోవడం. ఫ్రెంచ్ హార్న్ అంటే చుట్టలు విప్పి చాపితే దాదాపు 12 అడుగులుండే గొట్టం. గంట, అంటే విచ్చుకున్న చివర, వెనక్కి తిరిగి ఉంటుంది. ఆ గంటలో కుడిచెయ్యి పెట్టి, ఎడమచేత్తో వాల్వులు నొక్కుతూ ఊదాలి. హాల్లో ఆ నాదం వెనక గోడకి తగిలి మెత్తబడి ముందుకొస్తుంది. వీధిలో వెనక గోడ ఉండదు, జనరేటర్ బండి ఉంటుంది. అందుకే అమెరికాలో కవాతు బ్యాండులు గంట ముందుకి తిరిగిన మెల్లోఫోన్ పట్టుకుంటాయి. బ్రిటిష్ పద్ధతి ఇత్తడి బ్యాండుల్లో గంట పైకి చూసే ఇ-ఫ్లాట్ హార్న్ ఉంటుంది. మన వైపు నేను చూసినవన్నీ ఈ రెండో రకమే, అవీ వాల్వుల్లోంచి గాలి కారేవి. నాకు తెలిసిన సెట్లలో ఫ్రెంచ్ హార్న్ ఒక్కటీ లేదు. దాని వల్ల ఎవరి పెళ్లీ ఆగలేదు కూడా.

రెండో రకం కొరత ఆ రాత్రికి మాత్రమే వచ్చేది. దీన్ని పంచాంగం పుట్టిస్తుంది. మూఢంలో, ఆషాఢంలో, శూన్యమాసంలో ఊదేవాళ్లంతా ఖాళీగా ఉంటారు. మాఘం వచ్చిందంటే ఒకే రాత్రి ప్రతి కల్యాణ మండపానికీ బ్యాండు కావాలి. ఒక్కో వాద్యానికి ఊరంతటికీ ఇద్దరు ముగ్గురు గట్టివాళ్లు ఉంటే, వాళ్లు ఎవరు ముందు అడ్వాన్సిస్తే అటు పోతారు. మనకి పెళ్లిళ్లు లేని ఆడినెలలో అరవ వైపు అమ్మవారి జాతరలు, తిరుత్తణి ఆడికృత్తిక కావళ్లు. పుత్తూరు, నగరి, చిత్తూరు కుర్రాళ్లకి వేలూరు సెట్లవాళ్లు ఫోన్ చేస్తే వెళ్లిపోతారు. వెళ్లనివ్వండి, కడుపు నిండాలి కదా. కరోనా రెండేళ్లలో వాద్యం మూటగట్టి ఆటో నడుపుకున్నవాళ్లు కొందరు మళ్లీ వెనక్కి రాలేదు. వాళ్లనీ నేనేమీ అనలేను.

సాయంత్రం నాలుగింటికి హార్న్ మనిషి గురించి సెట్టు ఓనరు ఫోన్ చేస్తాడు.

"అన్నా, ఆయప్ప రావడంలా. వేలూరు పోయినాడంట."

"మరి ఆ పార్టు?"

"ట్రంపెట్టోళ్లు ఉండారు గదన్నా. ఆ కాగితం వాళ్ల చేతికే ఇచ్చేస్తే పోలా?"

"పోదప్పా."

ఎందుకు పోదో ఫోన్లో చెప్పడం కష్టం. ఇక్కడ చెప్తాను.

ట్రంపెట్ గొట్టం సుమారు నాలుగున్నర అడుగులు. అందులో ఎక్కువ భాగం ఒకే వెడల్పు, చివర్లో మాత్రం విచ్చుకుంటుంది. హార్న్ గొట్టం మౌత్‌పీస్ దగ్గర సన్నగా మొదలై, వాల్వులున్న మేర తప్ప, గంట దాకా వెడల్పవుతూనే పోతుంది. మౌత్‌పీస్ కూడా లోతైన గరాటు. ఈ తేడాల వల్ల ట్రంపెట్ నాదంలో పై అనుస్వరాలు (అసలు స్వరంతో పాటే సన్నగా పలికే పై స్వరాలు) బలంగా పలుకుతాయి, చెవి వెంటనే దాన్ని పట్టేసుకుంటుంది. పాట మోసేవాడికి కావలసింది అదే. మధ్యలో కూర్చుని అందరినీ కలపాల్సినవాడికి అదే అనర్హత.

స్థాయి సంగతి ఇంకా ఘోరం. ఎఫ్ హార్న్ (ఎఫ్ శ్రుతిలో ఉండే ఫ్రెంచ్ హార్న్) కాగితంలో మధ్య సి రాసి ఉంటే వినిపించేది దాని కింది ఎఫ్. ఆ ఎఫ్ ట్రంపెట్‌లో రావాలంటే గీతల కిందికి దిగి జి ఊదాలి. అది ట్రంపెట్ అడుగు. ఇంకో అర స్వరం దిగితే వాద్యమే అయిపోతుంది. అక్కడ నాదం గరగరలాడుతుంది, శ్రుతి నిలవదు, మెల్లగా ఊదితే పలకదు. హార్న్‌కి మాత్రం అది హాయిగా ఊదుకునే చోటు. పోనీ హార్న్ పైస్థాయిలో ఉన్నప్పుడు ట్రంపెట్ సరిపోతుందా అంటే, అక్కడ అది పాట ఊదే ట్రంపెట్‌కి దగ్గరగా వచ్చి దాన్ని తొక్కేస్తుంది. వినేవాళ్లకి అసలు పాట ఏ ట్రంపెట్‌ది, తోడు ఏ ట్రంపెట్‌ది అన్నది తెలియదు. కింద గరగర, పైన తొక్కిసలాట. అందుకే పోదు.

(ట్రంపెట్ వాయించే మా తమ్ముళ్లకి ఒక మాట. మీ మీద కోపం కాదు. మీ చేతిలో ఫ్లూగల్ హార్న్ ఉంటే ఈ వ్యాసం సగానికి తగ్గేది. అదే బి-ఫ్లాట్ శ్రుతి, అవే వేళ్లు, కానీ గొట్టం శంఖాకారం, నాదం మెత్తన. కొనమని ఓనరుకి చెప్పండి. నేను చెప్పి అలిసిపోయాను.)

అసలు హార్న్ చేసే పని ఏమిటి? మార్చుల్లో అది చేసే పని చూస్తే జాలేస్తుంది. బేస్ 'ఊం' అంటుంది, హార్న్ 'పా' అంటుంది. ఊం-పా, ఊం-పా, చివరిదాకా. దీనికి కావలసింది పొడిపొడిగా తెగే చిన్న స్వరం, అంతే. ఆల్టో సాక్స్ అయినా, కింది స్థాయిలో క్లారినెట్ అయినా, వాల్వు ట్రోంబోన్ అయినా చాలు. రీడ్ మీద నాలుక తగిలితే స్వరం శుభ్రంగా తెగుతుంది కాబట్టి కొన్నిసార్లు హార్న్ కంటే బాగా వస్తుంది. ఈ పనికి బదులు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

చెప్పాల్సింది పట్టి నిలిపే స్వరాల గురించి. పాట నెమ్మదించిన చోట, పల్లవి నుంచి చరణానికి వెళ్లే సందులో, నలుగురు హార్న్‌లు నాలుగు స్వరాలు పట్టుకుని నిలబడతారు. వినేవాడు వాళ్లని విడిగా వినడు. వాళ్లు ఆపేస్తే మాత్రం ఏదో పోయిందని తెలుసుకుంటాడు. ఇత్తడి గుంపుకీ రీడ్ గుంపుకీ మధ్య కలుపుగా నిలిచేది ఈ నాదమే. పాశ్చాత్య సంగీతంలో ఐదుగురు ఊదేవాళ్ల చిన్న బృందం ఒకటుంది: ఫ్లూట్, ఓబో, క్లారినెట్, బసూన్, హార్న్. నాలుగు కొయ్యగాలి వాద్యాల మధ్య ఒకే ఒక్క ఇత్తడి. ట్రంపెట్‌నో ట్రోంబోన్‌నో కాక హార్న్‌నే ఎందుకు కూర్చోబెట్టారంటే అది వాటిలో కలిసిపోతుంది. మరి హార్న్ రీడ్‌లలో కలిసిపోతుందంటే, రీడ్ కూడా హార్న్ చోట నిలబడగలగాలి. నా వాదనకి మూలం ఇదే.

నిలబడగలదని ఒకాయన 180 ఏళ్ల కిందే తేల్చేశాడు. బెల్జియంలో పుట్టిన అడాల్ఫ్ సాక్స్ స్వయానా క్లారినెట్ వాయించేవాడు. బేస్ క్లారినెట్‌ని బాగుచేశాడు, ఇత్తడిలో సాక్స్‌హార్న్ కుటుంబాన్ని చేశాడు, 1846లో పారిస్‌లో సాక్సోఫోన్‌కి పేటెంట్ తీసుకున్నాడు. సైనిక బ్యాండుల్లో ఇత్తడి గట్టిగా ఉండి కొయ్యవాద్యాలు వినపడక, ఆ రెంటి మధ్య పడిన గుంటని పూడ్చడానికి చేసిన వాద్యం అది. ఒళ్లు ఇత్తడి, నోట్లో రీడ్. మన ఊళ్లలో సాక్స్ అనగానే అందరూ సోలోలే తలచుకుంటారు. పెళ్లికొడుకు గుర్రం దిగేటప్పుడు కళ్లు మూసుకుని వాయించే వాద్యంగా దానికి పేరు పడిపోయింది. అది పుట్టిన పని మాత్రం మధ్యలో నిలబడి కలపడం.

పార్టు రాసేవాళ్ల కోసం కొంచెం లెక్క. మిగతావాళ్లు ఈ పేరా దాటేయొచ్చు. మీ దగ్గరున్నది ఇ-ఫ్లాట్ హార్న్ కాగితమైతే పండగే. ఆల్టో సాక్స్ కూడా ఇ-ఫ్లాటే, రెండూ రాసినదానికంటే ఒకే దూరం కింద పలుకుతాయి, కాబట్టి కాగితం అలాగే అందించెయ్యండి. ఎఫ్ హార్న్ కాగితమైతే ఆల్టో సాక్స్‌కి ప్రతి స్వరాన్నీ ఒక మెట్టు పైకి రాయాలి, రెండు షార్పులు కలపాలి. సి ఉన్న చోట డి. క్లారినెట్‌కైతే నాలుగో స్వరానికి దించాలి, ఒక షార్పు కలపాలి. సి ఉన్న చోట కింది జి. హార్న్ కాగితంలో గీతల కింద ఉండే ఏ దాకా క్లారినెట్ అందుకుంటుంది, అంతకంటే దిగితే అందుకోలేదు. టెనర్ సాక్స్‌కి ఐదో స్వరం పైకి రాయాలి. మన శ్రుతి లెక్కలో చెప్పాలంటే ఆల్టో సాక్స్ రెండున్నర, క్లారినెట్, ట్రంపెట్, టెనర్ సాక్స్ ఆరున్నర, ఎఫ్ హార్న్ నాలుగు.

క్లారినెట్ నా వాద్యం కాబట్టి దాని గురించి పక్షపాతంతో మాట్లాడతానని మీరనుకోవచ్చు. దాని లోపమే ముందు చెప్తాను. కింది స్థాయి బంగారం. ముగ్గురు క్లారినెట్లు అడుగున మూడు స్వరాలు మెల్లగా పట్టుకుంటే, కళ్లు మూసుకుని విన్నవాడు హార్న్‌లని పొరపడే అవకాశం ఉంది. కానీ మధ్యలో, రాసిన జి నుంచి బి-ఫ్లాట్ దాకా, గొంతు స్వరాలంటాం, అక్కడ గొట్టంలో దాదాపు అన్ని రంధ్రాలూ తెరుచుకుని నాదం పల్చబడిపోతుంది. ఖర్మ ఏమిటంటే హార్న్ ఎక్కువగా తిరిగే వీధుల్లో అదీ ఒకటి. ఆ మేరకి వచ్చినప్పుడు స్వరాన్ని క్లారినెట్ నుంచి తీసి ఆల్టో సాక్స్‌కి ఇవ్వాలి, సాక్స్ చేస్తున్న కింది స్వరాన్ని క్లారినెట్‌కి ఇవ్వాలి. అంటే రెండో హార్న్ పార్టు ఒకే మనిషి చేతిలో ఉండదు, బారు బారుకీ (నొటేషన్‌లో ఒక్కో తాళం గడికీ) చేతులు మారుతుంది. అచ్చు కాగితాన్ని అలాగే అందిస్తే ఇది జరగదు. కూర్చుని తిరగరాయాలి. బదులు పెట్టడమంటే మనిషిని మార్చడమే అనుకునేవాళ్లకి ఈ రాత్రిపూట రాతపని కనపడదు. దానికి డబ్బు కూడా ఇవ్వరు, అది వేరే సంగతి.

నొటేషన్ రానివాళ్లతో ఇబ్బంది ఇంకో రకం. మా సెట్టులో సగం మంది చెవితోనే వాయిస్తారు, చాలా బాగా వాయిస్తారు. వాళ్లకి మెట్లు మార్చి రాసే పని లేదు, స్వరం పాడి వినిపిస్తే పట్టేస్తారు. కానీ నాలుగు బార్లు ఒకే స్వరం పట్టుకుని నిలబడమంటే మూడో బారులో పాట మీదికి ఎక్కేస్తారు. మన సంగీతంలో ప్రతివాడూ పాటే వాయిస్తాడు కదా. నాదస్వరం పాట, దాని వెనకవాడూ పాట, వయొలిన్ ఉంటే అదీ పాట. శ్రుతి పట్టే ఒత్తువాడిని తప్ప పాట వాయించని మనిషిని మనం మేళంలో ఊహించుకోలేం. ఆ ఒత్తు మాటే మా వాళ్లకి దారి చూపింది. "నువ్వు ఈ పాటకి ఒత్తు. కాకపోతే నీ శ్రుతి నాలుగు బార్లకి ఒకసారి మారుతుంది" అని చెప్తే ఒక సాక్స్ కుర్రాడు, ఎన్నిసార్లు చెప్పినా ఆగనివాడు, ఆగాడు.

బదులు వాద్యం అనగానే మన దగ్గర ఒక చిన్నచూపు ఉంది. అసలుది దొరక్క సరిపెట్టుకున్నారు అంటారు. అలా అనేవాళ్లకి మన చరిత్రే ఎదురు చెప్తుంది. సదిరు నాట్యానికి (భరతనాట్యం పాత రూపానికి) వాయించే చిన్నమేళంలో ఒకప్పుడు ముఖవీణ, అంటే నాదస్వరం లాంటి చిన్న ఊదే వాద్యం, ఉండేది. 19వ శతాబ్దంలో దాని చోటికి క్లారినెట్ వచ్చింది, తంజావూరు మహాదేవ నట్టువనార్ పేరు ఆ సందర్భంలో చెబుతారు. తర్వాతి కాలంలో ఆ క్లారినెట్ చోటికి వేణువు వచ్చింది. ఏకేసీ నటరాజన్ క్లారినెట్ మీద నిండు కర్ణాటక కచేరీ చేసి చూపించారు. కద్రి గోపాల్‌నాథ్ (1949–2019) నాదస్వరం వాయించే ఇంట్లో పుట్టి, మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సోఫోన్ విని దాన్ని పట్టుకున్నారు. బ్యాండులో మధ్య వరసలో ఉండే వాద్యం అలా కచేరీ వేదిక ఎక్కింది. మరి ఆ సాక్సోఫోన్‌నే బ్యాండులో మధ్య వరసకి పిలిస్తే నామోషీ ఎందుకు?

పాశ్చాత్యుల్లోనూ ఈ తగువు ఉంది. బేతోవెన్ ఐదో సింఫనీ, 1808 డిసెంబరు 22న వియన్నాలో మొదటిసారి వినిపించారు. మొదటి భాగంలో రెండో ఇతివృత్తం వచ్చే ముందు హార్న్‌లు ఒక పిలుపు పిలుస్తాయి. అదే పిలుపు తర్వాత మళ్లీ వచ్చేటప్పుడు శ్రుతి మారి ఉంటుంది. అప్పటి హార్న్‌లకి వాల్వులు లేవు, ఇ-ఫ్లాట్ చుట్టతో ఉన్న హార్న్ అప్పటికప్పుడు సి లోకి మారి ఆ స్వరాలు పలకలేదు. బేతోవెన్ ఆ పిలుపుని బసూన్లకి ఇచ్చాడు. రెండు రీడ్ల మధ్య ఊదే కొయ్య వాద్యానికి! పక్కనే ట్రంపెట్లు ఉన్నాయి, అవి సి లోనే ఉన్నాయి కూడా. అయినా ఇత్తడికి ఇత్తడి అనుకోలేదు ఆయన. వాల్వులొచ్చాక చాలామంది కండక్టర్లు ఆ చోటుని తిరిగి హార్న్‌లకి ఇచ్చేశారు, బేతోవెన్‌కి వీలుంటే అదే చేసేవాడని వాళ్ల వాదన. రెండు రకాలూ విన్నాను. హార్న్‌లతో ఠీవిగా ఉంటుంది, కాదనను. కానీ నాకు బసూన్లే నచ్చుతాయి. పిలుపు ఈసారి కొంచెం బెరుకుగా వస్తుంది, వెనక వచ్చే సంగీతానికి ఆ బెరుకు సరిపోయింది. వీలుకాక పెట్టినదాంట్లోంచి కూడా ఇలాంటిది పుడుతుంది.

యుఫోనియం (ట్యూబా కంటే చిన్న ఇత్తడి వాద్యం) ఉంది కదా అని కొందరంటారు. నిజమే, నాదం చూసుకుంటే హార్న్‌కి ఇత్తడిలో అతి దగ్గరి చుట్టం అదే, దాని గొట్టమూ శంఖాకారమే. పైస్థాయిలో హార్న్ పార్టు చాలా అందంగా ఊదుతుంది. కానీ దాని పని దానికుంది. కిందనుంచి పాటకి ఎదురు నడిచే రాగం సాధారణంగా దానిదే. దాన్ని పైకి లాగితే కింద కొత్త గుంట పడుతుంది. పైగా ఊరేగింపు రెండు గంటలు నడుస్తుంది. యుఫోనియం మనిషిని అంతసేపు పైస్థాయిలో ఉంచితే పెదవులు వాచి, మండపం గుమ్మం దగ్గరికొచ్చేసరికి గాలి తప్ప నాదం రాదు. ఇద్దరు యుఫోనియంలుంటే మాత్రం రెండో ఆయన్ని నిస్సంకోచంగా అడగండి.

నాదస్వరం పెట్టొచ్చు కదా అని అడిగేవాళ్లు కూడా ఉన్నారు, తిరుపతిలో ఆ మాట రాకుండా ఉండదు. వద్దు. అది ఎవరి వెనకా నిలబడే వాద్యం కాదు, దాని బలమంతా గమకంలోనూ గట్టితనంలోనూ ఉంది. దాన్ని కార్డులో (ఒకేసారి కలిసి మోగే స్వరాల గుంపులో) మూడో స్వరం పట్టుకోమనడం వాద్యానికీ విద్వాంసుడికీ అవమానం. అంతే.

ఇక కీబోర్డు. ఇక్కడ ఓనర్ల మాటలో న్యాయం ఉంది, ముందు అది ఒప్పుకోవాలి. ఒక్క మనిషి, ఒక్క కూలి, నాలుగు హార్న్‌ల నాదం మీట నొక్కితే వస్తుంది. ముహూర్తం రోజున ఊదేవాళ్లని నలుగురిని వెతికి తెచ్చే టెన్షన్ లేదు. పెళ్లివారికి తేడా తెలియదని వాళ్లంటారు. కొంతవరకు నిజమే.

కానీ ఎండ సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోరు. గాలి వేడెక్కితే అందులో శబ్దం వేగం పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర సెకనుకి 343 మీటర్లుంటే 40 డిగ్రీల దగ్గర సుమారు 355. ఊదే వాద్యం శ్రుతి ఆ వేగాన్ని బట్టే ఉంటుంది కాబట్టి వేడికి శ్రుతి పైకి పోతుంది. గొట్టంలో మన ఊపిరి వేడి ఎలాగూ ఉంటుంది, అందుకని అంత తేడా పూర్తిగా రాదు గానీ చెవికి తెలిసేంత వస్తుంది. తాతయ్యగుంట గంగమ్మ జాతర మే నెలలో. ఆ రోజుల్లో తిరుపతి ఎండ ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. నీడలో శ్రుతి చేసుకుని వీధిలోకి వచ్చిన ట్రంపెట్లు, క్లారినెట్లు, సాక్స్‌లు పావుగంటలో అన్నీ కొంచెం పైకి జరుగుతాయి. కచ్చితంగా ఒకే కొలతలో జరగవు, కానీ ఊదేవాడు చెవితో విని పెదవితో సర్దుకుంటాడు, పక్కవాడితో కలుస్తాడు. కీబోర్డు మాత్రం తన మామూలు శ్రుతి 440 హెర్ట్జ్ దగ్గరే కూర్చుని ఉంటుంది. దాన్ని పైకి జరిపే మీట ఉంది, నాకు తెలుసు. నడిచే వ్యానులో, డ్రమ్ముల హోరులో, ఆ మీటని ఎంత జరపాలో విని తేల్చే ఓపిక ఉన్న కీబోర్డు మనిషిని ఇంకా చూడలేదు. పైన ఊదేవాళ్లు ఒక శ్రుతిలో, మధ్యలో మెషీను ఇంకో శ్రుతిలో. దానికంటే మధ్య జాగా ఖాళీగా ఉండటం మేలు.

ఇంకోటి, ఊపిరి. బ్యాండులో అందరూ దాదాపు ఒకే చోట ఊపిరి తీసుకుంటారు, పాదాలు విరిగేది అక్కడే. కీబోర్డుకి ఊపిరి అక్కర్లేదు, ఆ విరుపుల్లో కూడా మోగుతూనే ఉంటుంది. వాక్యాల మధ్య చుక్కలు తీసేసి చదివినట్టుంటుంది వినడానికి.

నా వాదనకి అడ్డొచ్చే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. ఆస్ట్రేలియాలో పుట్టిన పెర్సీ గ్రెయింజర్ (1882–1961), బ్యాండు సంగీతం రాసినవాళ్లలో అగ్రశ్రేణి. ఎవరు దొరికితే వాళ్లతో వాయించుకునేలా సాగే పద్ధతిలో పార్టులు రాయాలన్నది ఆయన సిద్ధాంతం. అంతవరకు నాకు గురువే. కానీ ఊదేవాళ్లు తక్కువైనప్పుడు హార్మోనియంతో పూడ్చుకోమని కూడా అన్నాడు. హార్మోనియం అంటే పద్య నాటకాలు చూసి పెరిగిన మన వైపు ఎవరు కాదంటారు? హాల్లో, చర్చిలో, ఫ్యాన్ల కింద, పదిమంది ఊదేవాళ్లతో అయితే సరే, నేనూ ఒప్పుకుంటాను. దానికి తిత్తి ఉంది, రీడ్ ఉంది, గాలి తగ్గిస్తే నాదం తగ్గుతుంది. క్రిస్మస్ పాటలకి అలా చేశాం, బాగానే వచ్చింది. నా అభ్యంతరం వీధిలో, ఎండలో, స్పీకర్లోంచి వచ్చే దానితో.

అచ్చు పార్టులు తెచ్చుకునేవాళ్లు ఒకటి గమనించండి. చాలా బ్యాండు కాగితాల్లో సన్న అక్షరాలతో కొన్ని స్వరాలు అచ్చేసి ఉంటాయి. ఆల్టో సాక్స్ కాగితంలో హార్న్ అని రాసి, దాని స్వరాలు చిన్నగా. హార్న్ రాకపోతే ఇది నువ్వు ఊదు అని ప్రచురించినవాళ్లే చెప్తున్నారు. లోటు మన ఊళ్లోనే కాదు, అందరికీ ఉంది. మా మాస్టారు ఇచ్చిన కట్టల్లో ఆ సన్న స్వరాల మీద పెన్సిలు గుర్తులున్నాయి. అంటే పోలీసు బ్యాండులోనూ హార్న్ మనిషి సెలవు పెట్టేవాడన్నమాట.

సరే, నలుగురు హార్న్‌లకి బదులుగా నలుగురు రీడ్ మనుషులు కూడా దొరకరు. మాకెప్పుడూ దొరకలేదు. అప్పుడు ఏ స్వరం వదలాలన్నది ప్రశ్న. మొదట వదలాల్సింది పంచమం. బేస్ మోగించే ఆధార స్వరంలోనే పంచమం అనుస్వరంగా కొంత పలుకుతూ ఉంటుంది, చెవి మిగతాది పూరించుకుంటుంది. ఆధార స్వరం బేస్ దగ్గర ఎలాగూ ఉంది కాబట్టి మధ్యలో దాన్ని రెండోసారి ఊదనక్కర్లేదు. వదలకూడనిది గాంధారం. కార్డు నవ్వుతోందా దిగులుగా ఉందా అన్నది దాన్ని బట్టే తెలుస్తుంది. ఏడో స్వరం ఉన్న కార్డైతే నిషాదం కూడా. ముగ్గురుంటే పంచమం ఉంచుకోండి. ఇద్దరే ఉంటే ఆల్టో సాక్స్‌కి గాంధారం, క్లారినెట్‌కి నిషాదం ఇవ్వండి. గొంతు స్వరాల్లో పడితే అటూ ఇటూ మార్చండి. ఒక్కడే వస్తే గాంధారం ఒక్కటే. ఆ ఒక్కడూ వేలూరు వెళ్లిపోతే రెండో క్లారినెట్‌ని పాట మీంచి దించి ఆ గాంధారం పట్టించండి. పైన పాట మోయడానికి ట్రంపెట్లు ఎలాగూ అరడజను ఉంటాయి.